కూత మనసులో పెట్టుకోవలెను

ఆ రోజు జూనియర్ కాలేజీ మైదానంలో జరిగిన కొట్లాటలో ఆటగాళ్లకెవరికీ దెబ్బలు తగల్లేదు. అది పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లల కబడ్డీ పోటీ. ఆట సగంలో ఉండగానే పెద్దవాళ్లు పిల్లల్ని పక్కకు నెట్టి బరిలోకి దిగారు కాబట్టి పిల్లలు క్షేమంగా బయటపడ్డారు. రెండు జట్లవాళ్లూ గోడ పక్కన వరసగా కూర్చుని, ఒకే పొట్లంలో మరమరాలు తింటూ, ఎవరి నాన్న ఎవరి నాన్నని కొడుతున్నాడో ఒకళ్లకొకళ్లు చూపించుకున్నారు.

రేవుపాలెం కోచ్ ప్రథమ చికిత్స పెట్టెతో పడమటిపేట కోచ్ గంగరాజు నుదుటి మీద కొట్టాడు. తరువాత ఆ పెట్టెనే తెరిచి గంగరాజుకి కట్టు కట్టారు. ఒక తండ్రి స్కోరు పలక పట్టుకుని పారిపోయాడు. అప్పటికి తన కూతురి జట్టే ముందుందట. ఆ అంకెల్ని అలాగే ఇంటికి తీసుకుపోతే ఇంక ఎవరూ మార్చలేరని ఆయన లెక్క.

ఇక వీరవేణి. ఆమె మోపెడ్ మీద చేపలమ్ముతుంది. వీధి మొదట్లో నిలబడి "బొచ్చెలూ, శీలావతులూ" అని కేకేస్తే చివరింటివాళ్లు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వస్తారు. మొగుడు లారీ మీద పోయి నెలకోసారి వచ్చే మనిషి. అందుచేత ఇంట్లో అరవాల్సిన అరుపులన్నీ ఆమే అరుస్తుంది. కూతురు దేవిక పడమటిపేట జట్టులో కూతకు వెళ్లే పిల్ల. ఆ రోజు దేవిక బోనస్ గీత దాటిందని తల్లి, దాటలేదని అంపైర్ సూర్యచంద్రం మాస్టారు. వీరవేణి బరిలోకి వెళ్లి, మాస్టారి కాలరు పట్టుకుని, ఆయన్ని గీత దాకా వంచి చూపించింది.

"కళ్లద్దాలు నా కొంగుతో తుడిచి మరీ చూపించానండి. సాయం చేస్తే కేసంటారేంటండి?" అని తరువాత పోలీసులతో అంది.

ఈ గొడవ పేపర్లో పడింది. పేపర్లో పడింది కనక మండలి కదిలింది.

బాలల క్రీడాభ్యున్నతి మండలి కార్యదర్శి పరాంకుశరావు గారికి ఆటలతో నలభై ఏళ్ల అనుబంధం. ఆయన ఇవ్వని కప్పు లేదు, వెయ్యని దండ లేదు. ఏ ఆటనీ చివరిదాకా చూసిన పాపాన మాత్రం పోలేదు. ఆయన తల్లిదండ్రుల్నీ కోచ్‌లనీ హాల్లోకి పిలిపించి, మైకు దగ్గర గొంతు సవరించుకున్నారు.

"సభాసదులారా! తల్లిదండ్రులు క్రీడలకు వెన్నెముక వంటివారు. అయితే సదరు వెన్నెముక ఇటీవల అవాంఛనీయమైన దిశలో వంగుతున్నట్లు మండలి దృష్టికి వచ్చియున్నది. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఆట జరుగు సమయమున తల్లిదండ్రులు గానీ శిక్షకులు గానీ నోటి ద్వారా వెలువరించు ప్రతి శబ్దమునకూ ప్రత్యర్థి జట్టుకు ఒక పాయింటు చేర్చబడును."

వెనక వరసలోంచి వీరవేణి లేచింది. "మరి దగ్గొస్తేనండి?"

"దగ్గు యొక్క ఉద్దేశమును బట్టి నిర్ణయించబడును."

"తుమ్మితే?"

"తుమ్ము విషయమై ఉపసంఘము వేయబడినది. కూర్చోండి."

ఆయన చివర్లో ఇంకొక మాట చెప్పారు. ఈ ఏడు ఫైనల్లో ఆడినవాళ్లలోంచి ఒక్క పిల్లని మండలి క్రీడా పాఠశాలకు సిఫారసు చేస్తుంది. హాస్టలు, చదువు, పాలు, గుడ్లు, ఆడుకోవడానికి మెత్తటి మ్యాటు. ఆ సీటు మాట దేవిక రెండేళ్లుగా నిద్రలో కూడా కలవరిస్తోంది. ఇంటికి వెళ్తూ మోపెడ్ మీద వెనకనించి తల్లి భుజం పొడిచింది.

"అమ్మా, నీకు దండం పెడతాను. నోరు మూసుకుంటావా?"

"మూసుకుంటానే. నేనేమైనా చిన్నపిల్లనా?"

"చిన్నపిల్లలు మూసుకుంటారమ్మా. నీతోనే భయం."

కొత్త నిబంధన ప్రకారం జరిగిన మొదటి పోటీకి మండలి 'ప్రేక్షక న్యాయనిర్ణేత' అనే మనిషిని పంపించింది. ఆయన బరికి వీపు పెట్టి, ప్రేక్షకులకేసి ముఖం పెట్టి, ఎత్తు కుర్చీ మీద కూర్చున్నాడు. వెనక ఏ ఆట జరుగుతోందో ఆయనకి తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. పాయింట్లు వచ్చేది ముందువైపు నుంచే కదా.

ఆట మొదలైంది. మొదటి కూతలోనే దేవిక ఇద్దర్ని ముట్టుకుని వచ్చింది. వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లతోనే అరిచింది. అంతా బాగానే ఉందనుకుంటుండగా రేవుపాలెం తండ్రి ఒకాయన మెల్లగా వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు. గుసగుసగా, న్యాయనిర్ణేతకి వినపడనంత మెత్తగా అన్నాడు.

"అక్కాయ్, మొన్న నీ దగ్గర కొన్న చేపలు మా పిల్లి కూడా ముట్టలేదు."

వీరవేణి కొంగు ఇంకా లోపలికి కుక్కుకుంది.

"ఐసులో పెట్టి పదిరోజులు తిప్పుతావంట కదా. అందరూ అనుకుంటన్నారు."

కొంగు బయటికొచ్చింది. "ఎవడ్రా అన్నది? నీ పిల్లికేం తెలుసురా చేప రుచి? నువ్వు బేరమాడి తోక ముక్కలు పట్టుకుపోయే మొహానివి, నీకు బొచ్చెకీ బొమ్మిడాయికీ తేడా తెలుసేంట్రా?"

న్యాయనిర్ణేత చకచకా మూడు గీతలు గీశాడు. రేవుపాలెంకి మూడు పాయింట్లు. అవతల దేవిక చేతులు రెండూ నెత్తిమీద పెట్టుకుంది.

అప్పుడు వీరవేణి న్యాయనిర్ణేత దగ్గరికి పోయి, సైగలతో అడిగింది, మూడెందుకని. ఆయన నిబంధనల పుస్తకం తిరగేసి, ఒక్కో శబ్దం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందులో లేదని గమనించాడు. కాసేపు ఆలోచించి, ఊపిరి తెగిన చోట శబ్దం ముగిసినట్లు ప్రకటించాడు. దానితో వీరవేణికి ధైర్యం వచ్చింది. వెనక్కి వచ్చి, గుండెల నిండా గాలి పీల్చుకుని, ఆ పిల్లి యజమాని వంశాన్ని తాతగారి దగ్గర మొదలుపెట్టి మేనల్లుళ్ల దాకా ఒకే ఊపిరిలో కడిగేసింది. ఒకే పాయింటు పోయింది. పడమటిపేట వాళ్లు ఆమె పొదుపుకి లోలోపలే చప్పట్లు కొట్టారు.

అయినా జట్టు ఓడిపోవాల్సిందే. గంగరాజు పుణ్యమా అని గట్టెక్కింది. ఆయన తీరిగ్గా వెళ్లి రేవుపాలెం కోచ్ చెవిలో, "నీ నుదురు బాగుంది, ప్రథమ చికిత్స పెట్టెలు ఇంకా చాలా ఉన్నాయి" అన్నాడు. రేవుపాలెం కోచ్ తరువాత ఎనిమిది నిమిషాలు అరుపు ఆపలేదు. ఆయన ప్రతి ఊపిరికీ పడమటిపేటకి ఒక పాయింటు.

మర్నాటి నుంచి గంగరాజు పిల్లలకి ప్రాక్టీసు ఆపేశాడు.

"పిల్లలాడి తెచ్చేది ఎంతండీ? మహా అయితే పదో పన్నెండో. గేలరీలో పోయేది ముప్పై. కాబట్టి ముందు తల్లిదండ్రుల్ని తయారు చెయ్యాలి" అన్నాడు. ఆయన మాటలో తప్పు ఎవరికీ కనపడలేదు. పొద్దున్నే మైదానంలో తల్లుల్నీ తండ్రుల్నీ వరసగా కూర్చోబెట్టి, నోట్లో నీళ్లు పోసి పుక్కిట పట్టించేవాడు. తరువాత ఒక్కొక్కరి ముందు నిలబడి, వాళ్లు భరించలేని మాట అనేవాడు. మిల్లు గుమాస్తాని, నీ కొడుకు ట్యూషన్ మాస్టారి పోలిక అన్నాడు. టైలరుని, నువ్వు కుట్టిన జాకెట్టు మా ఆవిడ దిండుకి తొడిగింది అన్నాడు. నీళ్లు చిమ్మినవాళ్లు మైదానం చుట్టూ పరిగెత్తాలి. మొదటి వారమంతా నేల తడిగానే ఉంది.

పిల్లలకి పనిలేక గోడెక్కి కూర్చునేవాళ్లు. ఊరికే కూర్చుంటే తోచదు కదా. ఏళ్ల తరబడి విన్నదంతా నోటికి వచ్చేసి ఉంది.

"ఒరేయ్ నాన్నా, ముక్కుతో పీల్చరా! తిన్నదంతా ఏమైపోతంది?"

"అమ్మా, పక్కింటి ఆంటీని చూడు, ఎలా పట్టిందో! నువ్వూ ఉన్నావు ఎందుకూ!"

"ఇంటికి రా చెప్తాను నీ పని!"

పిల్లల అరుపులకి నిబంధనల్లో నిషేధం లేదు. మిల్లు గుమాస్తా ఒక రోజు నీళ్లు మింగేసి, గోడ కింద నిలబడి, ఏడుపు గొంతుతో అన్నాడు. "అందరి ముందూ అలా అంటే ఎలా ఉంటాదిరా మనిషికి?" చెల్లెలితో పాటు గోడెక్కి కూర్చున్న ఆయన కొడుకు కిందికి చూసి, "నీ మంచికే కదా నాన్నా" అన్నాడు.

ఇన్ని చేసినా వీరవేణి తయారు కాలేదు. ఆమె నోట్లో నీళ్లు నిలిచేవి కావు. గంగరాజు ఏమీ అనకముందే, అంటాడేమోనని చిమ్మేసేది. చివరికి ఫైనల్ ఇంకా వారముందనగా ఆయన జట్టు ప్రకటించాడు. అందులో దేవిక లేదు. కెప్టెన్‌గా ఆముక్త అనే పిల్ల ఉంది. ఆ పిల్లకి దుమ్ము పడదు. ఎవరైనా ముట్టుకోబోతే తనే నమస్కారం పెట్టి బయటికి వెళ్లిపోతుంది. కానీ వాళ్లమ్మ బ్యాంకు ఆఫీసరు. అన్ని ఆటలకీ వచ్చి, మొదటి నుంచి చివరిదాకా ఫోను చూసుకుంటూ కూర్చుంటుంది. ఒక్క పాయింటు కూడా ఆమె వల్ల పోలేదు.

వీరవేణి చేపల బుట్టతో సహా గంగరాజు ఇంటి ముందు దిగింది.

"ఏంటండి కోచ్ గారూ, నా పిల్ల ఆటలో లోపమేంటండి?"

"నీ పిల్ల బంగారం తల్లీ. దాని కాలు పాదరసం. కానీ దానికి నువ్వున్నావు చూడు."

"నేనుంటే?"

"నువ్వుండటమే లోపం. ఆటలన్నీ అయ్యేసరికి దేవిక తెచ్చిన పాయింట్ల కంటే నువ్వు పోగొట్టినవి ఎక్కువ. అదే తల్లి లేని పిల్లయి ఉంటే ఈపాటికి రాష్ట్రానికి ఆడేది."

వీరవేణి అక్కడ అరవలేదు. ఇంటికి వెళ్లి చూస్తే దేవిక గోడకి బంతి కొడుతోంది. సీటు పోయినట్టేనని ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లకి తెలిసిపోయింది. తల్లి వంక చూడలేదు, తిట్టలేదు. బంతి కొడుతూనే ఉంది. ఆ చప్పుడు భరించలేక వీరవేణి మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని మండలి ఆఫీసుకి వెళ్లింది.

పరాంకుశరావు గారు ఆమె చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నారు. తెరిచి, సొరుగులోంచి పుస్తకం తీశారు.

"మండలి మాతృహృదయమును అర్థము చేసుకొనినది. ఇటువంటి సందర్భముల కొరకే తాత్కాలిక మాతృత్వ విరమణ అను వెసులుబాటు కల్పించబడినది. ఫైనల్ ముగియు వరకు మీరు ఈ బాలికకు తల్లి కాదని రాసి ఇచ్చినచో, మీ శబ్దములు ఈమె జట్టునకు వర్తించవు. అంతేగాక, సంరక్షకులు లేని క్రీడాకారిణి గల జట్టుకు ప్రోత్సాహకముగా ఐదు పాయింట్లు అదనము."

"తల్లి కాదనాలాండి?"

"తాత్కాలికముగా."

దేవిక బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగింది. "మరి అప్పటిదాకా నాకు అన్నం ఎవరు పెడతారండి?"

"అన్నము క్రీడా పరిధిలోనికి రాదు పాపా. వండుకొనుటకు, వడ్డించుటకు అభ్యంతరము లేదు. అయితే వడ్డించునప్పుడు 'అమ్మా' అని పిలవరాదు."

"ఏమని పిలవాలండి?"

ఆయన పుస్తకం చూశారు. "'ఏవండీ' అనవచ్చును."

వీరవేణి సంతకం పెట్టడానికి కలం పట్టుకుంది. పక్కకి చూసింది, కూతురు ఆపుతుందేమోనని. దేవిక ఆపలేదు. సీటు కోసం చూస్తున్న కళ్లతో కాగితం వంకే చూస్తోంది. వీరవేణి పెట్టేసింది.

మెట్లు దిగుతుంటే దేవిక మెల్లగా, "ఏవండీ, ఆకలేస్తంది" అంది. ఇద్దరూ నవ్వారు గానీ, తల్లి నవ్వు సగంలో ఆగిపోయింది.

దేవికని వెంటనే జట్టులోకి తీసుకున్నారు. తల్లి లేని పిల్ల కదా, గంగరాజు ముద్దుగా తల నిమిరాడు కూడా. ఈ సంగతి బయటికి పొక్కిన మర్నాడు మండలి ఆఫీసు ముందు క్యూ పెట్టారు. మిల్లు గుమాస్తా, టైలరు, రేవుపాలెం పిల్లి యజమాని, అందరూ తమ పిల్లలకి తాము ఏమీ కామని రాసి ఇచ్చారు. ఒకామె, పనిలో పనిగా మొగుణ్ని కూడా విరమించుకోవచ్చా అని అడిగింది. ఆ కౌంటరు వేరే ఆఫీసులో ఉందని చెప్పి పంపేశారు. ఆముక్త తల్లి మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టింది.

దీంతో మండలికి కొత్త చిక్కు వచ్చిపడింది. ఫైనల్ ఆడే పిల్లలందరూ సాంకేతికంగా అనాథలు. చుట్టూ కూర్చోబోయే మూడొందల మందీ సామాన్య పౌరులు. పౌరులు అరిస్తే ఏ జట్టుకి పాయింటు పోతుంది? ఎవరికీ పోదు. అంటే ఎంతైనా అరవచ్చు. పరాంకుశరావు గారు అత్యవసర సమావేశం పెట్టి, శబ్దమాపక యంత్రం ఒకటి తెప్పించారు. గుసగుసని మించిన శబ్దం ఎక్కడ వచ్చినా అది గంట కొడుతుంది. మైదానంలో ఎడమవైపు అంతా పడమటిపేట, కుడివైపు అంతా రేవుపాలెం. ఎటువైపు శబ్దమైతే అటువైపు జట్టుకి పాయింటు కోత. తల్లి, తండ్రి, పౌరుడు అన్న తేడా లేదు. శబ్దం శబ్దమే.

ఫైనల్ రోజు మైదానం ఆసుపత్రి వరండాలా ఉంది. మూడొందల మంది చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని వచ్చి కూర్చున్నారు. వేరుశనక్కాయల వాణ్ని గేటు దగ్గరే ఆపేశారు. చంటిపిల్లలున్నవాళ్లు ఆ పిల్లల్ని బంధువుల ఇళ్లలో వదిలేసి వచ్చారు. సూర్యచంద్రం మాస్టారు ఈలకి బదులు జెండా ఊపారు.

పడమటిపేట తరఫున దేవిక గీత దాటి కూత అందుకుంది. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ—"

గంట మోగింది.

అందరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఎవరూ కిమ్మనలేదు. ప్రేక్షక న్యాయనిర్ణేత అటూ ఇటూ వెతికి, చివరికి తొలిసారిగా వెనక్కి తిరిగి బరిని చూశాడు. శబ్దం చేసింది దేవికే. పాయింటు కోశాడు.

సూర్యచంద్రం మాస్టారు వేదిక దగ్గరికి పరుగెత్తి గుసగుసగా అడిగారు. "అయ్యా, కూత లేకుండా కబడ్డీ ఎలాగండీ? ఒకే ఊపిరిలో కూత పెడుతూ వెళ్లి, కూత తెగకుండా తిరిగి రావాలి. తెగితే అవుట్. అదేనండి ఆటంటే."

పరాంకుశరావు గారు చిరునవ్వు నవ్వారు. "మాస్టారూ, శబ్దమునందు తేడా చూపుటకు నిబంధన అంగీకరించదు. కూత మనసులో పెట్టుకోవలెను."

"మనసులో పెడితే తెగిందో లేదో నాకెలా తెలుస్తుందండీ?"

"క్రీడాకారిణిని అడిగి తెలుసుకొనవలెను. బాలికలు నిజమే చెప్పుదురు. క్రీడల పరమార్థము అదియే కదా."

అలాగే ఆడారు. పిల్లలు పెదవులు బిగించి అవతలి బరిలోకి వెళ్లడం, ముట్టుకుని రావడం, మాస్టారు వంగి చెవిలో "తెగిందా అమ్మా?" అని అడగడం. మొదట్లో పిల్లలు నిజమే చెప్పారు. "తెగిందండి" అని తలొంచుకుని బయటికి పోయేవాళ్లు. రెండు పక్కలా కోచ్‌లకి చెమటలు పట్టాయి. గంగరాజు తన పిల్లల వంక చూసి, తల అడ్డంగా ఊపడం ఎలాగో మెడ మీద చెయ్యి వేసుకుని చూపించాడు. రేవుపాలెం కోచ్ కూడా అదే చూపించాడు. చప్పుడు లేదు, గంట మోగలేదు. విరామం తరువాత ఒక్క పిల్లకీ కూత తెగలేదు. అందరి ఊపిరితిత్తులూ ఒక్కసారిగా బాగుపడిపోయాయి. వేదిక మీద పరాంకుశరావు గారు పక్కనున్న అతిథితో, క్రమశిక్షణ వల్ల ఆటగాళ్ల ప్రమాణాలు ఎంత పెరిగాయో చూశారా అని కాగితం మీద రాసి చూపించారు.

వీరవేణి ఎడమవైపు మూడో వరసలో కూర్చుంది, ఎవరికీ ఏమీ కాని మనిషిగా. పక్కనున్నావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఉంది, లేవకుండా.

ఆఖరి కూత. రెండు జట్లూ సమానం. వెళ్లింది దేవిక. అవతల ముగ్గురు ఉన్నారు. ఒకర్ని ముట్టుకుంది. రెండో పిల్ల మడమ పట్టుకోబోతే ఎగిరి తప్పించుకుంది. మూలకి పోయింది. వెనక్కి రావాలి. వారాల తరబడి ప్రాక్టీసు లేని ఒళ్లు. వీరవేణి కూతురి భుజాలకేసి చూస్తోంది. గీతకి రెండడుగుల దూరంలో ఆ భుజాలు ఒక్కసారి పైకి లేచి దిగాయి. నోరు చేపపిల్ల నోటిలా తెరుచుకుని మూసుకుంది. తరువాత దేవిక గీత మీద పడింది.

మాస్టారు వంగారు. "తెగిందా అమ్మా?"

మైదానమంతా ఆ పిల్ల మొహం వంక చూస్తోంది. గంగరాజు మెడ అడ్డంగా ఊగుతోంది. తెగలేదంటే కప్పు, సీటు, హాస్టలు, మ్యాటు. దేవిక నోరు తెరిచింది.

"తెగిందండీ మాస్టారూ!" అని వీరవేణి అరిచింది. "గీతకి అవతలే తెగింది! నేను చూశాను!"

గంట మోగి, మోగి, ఆగలేదు. ఆ గంటతో మిగిలినవాళ్ల కట్లు తెగిపోయాయి. నెల రోజులుగా మింగినదంతా మూడొందల గొంతుల్లోంచి బయటికొచ్చింది. యంత్రం పొగ వదిలి ఊరుకుంది. ఆ రొదలో దేవిక ఏదో అంది. మాస్టారికి తప్ప ఎవరికీ వినపడలేదు. ఆయన చెయ్యెత్తి ఆమె అవుటని చూపించారు. పడమటిపేట ఓడిపోయింది. గంగరాజు నేల మీద పడుకుని కాళ్లు కొట్టుకున్నాడు.

గంటసేపటి తరువాత బహుమతి ప్రదానం. పరాంకుశరావు గారు మైకు అందుకున్నారు.

"నేటి పోటీలో ఒక అపూర్వ ఘట్టము చోటుచేసుకొనినది. తన జట్టుకు నష్టము కలుగునని తెలిసియు ఒక పౌరురాలు సత్యమును పలికినది. రికార్డుల ప్రకారము ఈమె ఏ క్రీడాకారిణికీ తల్లి కాకపోవుటచే, ఈమెకు నిష్పాక్షిక పౌరురాలు అను హోదాలో సత్యసంధత పురస్కారము అందజేయుచున్నాము."

వీరవేణి భుజాల మీద శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. ఆమెకి ఏం చెయ్యాలో తెలియక దండం పెట్టింది. కళ్లతో కూతురి కోసం వెతికింది.

"ఇక సిఫారసు విషయము. సదరు దేవిక అను బాలిక తన కూత తెగినట్లు ఒప్పుకొనినప్పటికీ, ఆ సమాధానము ప్రేక్షకుల ప్రేరణ వలన వచ్చినదై ఉండును గనుక పరిగణనలోనికి తీసుకొనబడదు. అంపైర్ ప్రశ్నకు స్వయముగా జవాబు చెప్పని కారణముగా ఆమె పేరు తొలగించడమైనది. ఏ ఆటలోనూ తన తరఫున ఒక్క శబ్దమునకు తావివ్వని కెప్టెన్ కుమారి ఆముక్తను క్రీడా పాఠశాలకు సిఫారసు చేయుచున్నాము."

ఆముక్త గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది, హాస్టలుకి వెళ్లనని. ఆ ఏడుపుకి ఆమె తల్లి ఫోనులోంచి తలెత్తి చూసింది. పక్కవాళ్లని అడిగింది. "మా అమ్మాయి కూడా ఆడిందా?"

సూర్యచంద్రం మాస్టారు వేదిక కింద నిలబడి, ఆ పిల్ల తనంతట తనే చెప్పింది సార్ అని రెండుసార్లు అన్నారు. ఆయన దగ్గర మైకు లేదు.

గేటు బయట మోపెడ్ పక్కన దేవిక నిలబడి ఉంది. మోకాలు గీరుకుపోయి రక్తం ఎండిపోయింది. వీరవేణి శాలువా కొసతో తుడవబోతే కాలు వెనక్కి తీసుకుంది.

"వాళ్ల మొహాలకి సీట్లివ్వడం కూడానా! రేపే వెళ్లి ఆ పరాంకుశాన్ని కడిగేస్తాను చూడు" అంది వీరవేణి. "నువ్వేడవకు."

"నేనేడవట్లేదు."

"మరి మొహం అలా పెట్టావేంటి? అబద్ధం చెప్పి గెలిచే గెలుపు మనకెందుకే? నేను అరిచింది నిజమే కదా?"

"నిజమే." దేవిక మోపెడ్ సీటు మీది చేపపొలుసు ఒకటి గోటితో గీకింది. "మాస్టారు నన్నడిగారు. నిన్నడగలేదు. నేను చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా నువ్వు చెప్పేశావు."

"నువ్వూ అదే చెప్పేదానివి కదా?"

"ఏమోనమ్మా. చెప్పేదాన్నో లేదో ఇంకెవరికీ తెలీదు. నీకు తెలీదు. ఇప్పుడు నాక్కూడా తెలీదు."

వీరవేణి జవాబు చెప్పడానికి గుండెల నిండా గాలి పీల్చుకుంది. వీధులకి వీధులు నిద్రలేపే ఆ గొంతులో ఎంత వెతికినా ఒక్క మాట దొరకలేదు. పీల్చిన గాలి పీల్చినట్టే వదిలేసి, భుజం మీది శాలువా తీసి, చేపల బుట్టలో కుక్కింది. బండి స్టార్ట్ చేసింది. ఇల్లు చేరేదాకా ఆమె నోటి ద్వారా ఏ శబ్దమూ వెలువడలేదు. మండలి స్థాపించిన నాటి నుంచి ఒక తల్లి తనంతట తాను నోరు మూసుకోవడం అదే మొదటిసారి. రాసుకోవడానికి అక్కడ న్యాయనిర్ణేత ఎవరూ లేరు.